రెండేళ్ళ లెక్క, అరవై ఏళ్ళ ప్రశ్న

మెల్‌బోర్న్‌లో ఉంటున్న ఒక తెలుగు మిత్రుని కుమార్తె ఆ మధ్య మా ఇంటికి వచ్చింది. వయసు ఇరవై రెండు. పుస్తకాల బీరువా ముందు చాలాసేపు నిలబడి, చివరికి అడిగింది: “అంకుల్, పథ్యం మీదే ఉండాలా, ఆపరేషన్ చేయించుకోవాలా అని రెండేళ్ళుగా ఆలోచిస్తున్నాను. డాక్టరుగా సలహా చెప్పకండి, అవి చాలా విన్నాను. చదవడానికి పుస్తకం ఏదైనా ఉంటే ఇవ్వండి.”

మూడు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాను. ఒకటి 1863 నాటి లండన్ కరపత్రానికి పునర్ముద్రణ. రెండవది 1950లో అమెరికాలోని మిన్నెసోటా నుంచి వెలువడిన రెండు సంపుటాల మహాగ్రంథం. మూడవది 2007లో మెల్‌బోర్న్‌లోనే అచ్చయిన ఒక శస్త్రవైద్యుని పుస్తకం. ఆమె మూడవదాన్ని మాత్రమే పట్టుకెళ్ళింది. మిగతా రెండింటి కథ తెలియకపోతే మూడవది సగమే అర్థమవుతుందని ఆ క్షణాన చెప్పలేకపోయాను. ఆ లోటు పూడ్చుకోవడానికే ఈ వ్యాసం.

లండన్ కరపత్రం రాసినవాడు వైద్యుడు కాదు. విలియం బాంటింగ్ అనే ఆ పెద్దమనిషి ఉన్నత కుటుంబాల అంత్యక్రియలు జరిపించే వృత్తిలో ఉండేవాడు. 1862 నాటికి ఆయనకు అరవై ఆరేళ్ళు, ఐదడుగుల ఐదంగుళాల ఎత్తు, 202 పౌన్ల బరువు. బూటు తాళ్ళు కట్టుకోలేకపోయేవాడు, మెట్లు వెనక్కి తిరిగి దిగేవాడు. వైద్యుల మాట విని తెల్లవారుజామున థేమ్స్ నదిలో పడవ నడిపాడు. కండబలంతో పాటు ఆకలీ పెరిగింది గాని బరువు తగ్గలేదు. చివరికి వినికిడి సమస్య కోసం విలియం హార్వే అనే చెవి వైద్యుని దగ్గరకు వెళితే, ఆయన రొట్టె, చక్కెర, పాలు, బంగాళాదుంప, బీరు మానమన్నాడు. సుమారు ఏడాదిలో 46 పౌన్లు తగ్గాయి. ఆ సంతోషం పట్టలేక సొంత ఖర్చుతో కరపత్రం అచ్చువేసి ఉచితంగా పంచాడు. ఆయన ఇంటిపేరు ఇంగ్లీషులో పథ్యానికి పర్యాయపదమైంది. స్వీడిష్ భాషలో ‘బాంతా’ అంటే ఈనాటికీ బరువు తగ్గడానికి పథ్యం చేయడమే.

ఆ కరపత్రంలో నన్ను ఆకట్టుకునేది పథ్యం కాదు, దాని వెనక ఉన్న అవమానం. వీధిలోను, బండి ఎక్కేటప్పుడు నలుగురూ ఎగతాళి చేస్తుంటే స్థూలకాయుడు బయటికి రావడమే మానుకుంటాడని ఆయన వాపోతాడు. మనకూ ఇది కొత్త కాదు. చరకసంహిత సూత్రస్థానంలో లోకం నిందించే ఎనిమిది రకాల శరీరాల గురించి ఒక అధ్యాయమే ఉంది. మితిమీరిన స్థూలకాయుడు అందులో ఒకడు, మితిమీరి చిక్కినవాడు మరొకడు. చికిత్స చెప్పబోయే ముందే నిందను గుర్తించిన గ్రంథం అది. బాంటింగ్ కథలోని ప్రమాదం మాత్రం వేరు. ఒక మనిషి నోరు కట్టుకొని సన్నబడితే, సన్నబడనివాడు నోరు కట్టుకోలేదనే తీర్పు దానంతటదే పుడుతుంది. ‘లంఖణం పరమౌషధం’ అన్న మన సామెతకు కూడా ఆ వాడకం ఉంది. మందు పనిచేయకపోతే తప్పు మందుది కాదు, రోగిది.

ఆ తీర్పును తిరగరాయగలిగిన సాక్ష్యం రెండవ పుస్తకంలో ఉంది. 1944 నవంబరులో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ముప్ఫై ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. వారంతా మనస్సాక్షి కారణంగా యుద్ధంలో ఆయుధం పట్టడానికి నిరాకరించినవారు. ఐరోపాలో యుద్ధం ముగిశాక ఆకలితో అలమటించే ప్రజలకు తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడం ఆ ప్రయోగం లక్ష్యం. ఆరు నెలల పాటు వారికి సగం కడుపుకే తిండి పెట్టారు. శరీర బరువులో దాదాపు నాలుగో వంతు తగ్గింది. అయితే చదవవలసింది వారి మనసులలో ఏం జరిగిందన్నది. వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు, తిండి గురించే కలలు కన్నారు, పళ్ళెం నాకారు, స్నేహాలు, చదువులు, ప్రేమలు అన్నీ చప్పబడ్డాయన్నారు. మళ్ళీ కడుపునిండా పెట్టినా ఆకలి వెంటనే చల్లారలేదు. వాళ్ళు సోమరులు కారు, నియమం లేనివారు అంతకన్నా కారు. నమ్మిన దానికోసం కష్టాన్ని కోరి నెత్తికెత్తుకున్నవారు. దాదాపు 1400 పేజీల ఆ గ్రంథం స్థూలకాయం గురించి రాసినది కాదు. అయినా తిండి తగ్గినప్పుడు శరీరం ఎంత మొండిగా ఎదురు తిరుగుతుందో దానికంటే వివరంగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు.

ఇక ఆస్ట్రేలియా. ఈ దేశం కూడా మొదట పథ్యాన్నీ ప్రబోధాన్నీ నమ్ముకున్నదే. 1975లో విక్టోరియా ప్రభుత్వం ‘లైఫ్, బీ ఇన్ ఇట్’ అనే ప్రచారం మొదలుపెట్టి, సోఫాలో బీరు బొజ్జతో కూర్చున్న ‘నార్మ్’ అనే కార్టూన్ బొమ్మను ఇంటింటికీ తెచ్చింది. 1983లో జెన్నీ క్రెయిగ్ అనే పథ్యభోజన వ్యాపారం పుట్టింది మెల్‌బోర్న్‌లోనే. నలభై ఏళ్ళు నడిచి 2023లో ఈ దేశంలోని దాని దుకాణాలు మూతపడ్డాయి. 2005లో సి.ఎస్.ఐ.ఆర్.ఓ. అనే ప్రభుత్వ విజ్ఞాన సంస్థ ప్రచురింపజేసిన పథ్యపుస్తకం నవలలను మించి అమ్ముడుపోయింది. ఇంత జరిగినా 2017–18 జాతీయ ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో మూడింట రెండొంతుల మంది అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్నవారుగా తేలారు. 18 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న యువతలోనే ఆ సంఖ్య 46 శాతం.

పథ్యం అసలు పనిచేయదనడం మాత్రం అబద్ధం. అది ఎప్పుడు పనిచేస్తుందో చూపిన అందమైన ఉదాహరణ కూడా ఈ నేలదే. 1982లో కెరిన్ ఒడే అనే పరిశోధకురాలు పశ్చిమ ఆస్ట్రేలియాలోని డెర్బీ పట్టణం సమీపాన నివసించే మూలవాసులలో మధుమేహం ఉన్న పదిమందితో కలిసి అడవిబాట పట్టారు. ఏడు వారాలు వాళ్ళు తమ పూర్వికుల పద్ధతిలో జీవించారు. కంగారూ మాంసం, నదిలో చేపలు, అడవి దుంపలు, తేనె, వాటిని వెతుక్కుంటూ నడక. సగటున ఎనిమిది కిలోలు తగ్గారు. పరగడుపున రక్తంలో చక్కెర డెసిలీటరుకు దాదాపు 209 మిల్లీగ్రాముల నుంచి 119కి దిగింది. అక్కడ ఎవరూ సంకల్పబలం గురించి ఉపన్యసించలేదు. దుకాణం లేదు, ఫ్రిజ్ లేదు, సోడా సీసా లేదు. మారినది మనుషుల స్వభావం కాదు, వారి చుట్టూ ఉన్న లోకం. ఏడు వారాలు ముగిశాక తిరిగి వెళ్ళవలసింది పాత లోకానికే.

శస్త్రచికిత్స చరిత్ర దీనికి సమాంతరంగా నడిచింది. 1954లో, అదే మిన్నెసోటాలో, క్రెమెన్, లిన్నర్ అనే వైద్యులు చిన్నపేగులో ఎక్కువ భాగాన్ని పక్కకు తప్పించి, తిన్నది ఒంటపట్టకుండా చేసే పద్ధతిని ప్రకటించారు. బరువు తగ్గింది గాని ఆగని విరేచనాలు, మూత్రపిండాలలో రాళ్ళు, కాలేయం చెడిపోవడం కూడా వచ్చాయి. ఇరవై ఏళ్ళు చేసిన తరువాత దానిని వదిలేశారు. పుండ్ల కోసం కడుపులో కొంత భాగం తీసేసినవారు సన్నబడుతున్నారని గమనించిన ఎడ్వర్డ్ మేసన్ 1966లో అయోవాలో గాస్ట్రిక్ బైపాస్‌ను ప్రవేశపెట్టాడు. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పెద్దవారిలో ఎవరికి ఈ ఆపరేషన్లు చేయవచ్చునో హద్దులు నిర్ణయించింది. బాడీ మాస్ ఇండెక్స్ 40, లేదా తీవ్రమైన ఇతర జబ్బులుంటే 35. పిల్లల సంగతి తేల్చడానికి ఆధారాలు చాలవంది.

ఈ సంధికాలంలో మెల్‌బోర్న్ రంగం మీదికి వచ్చింది. మోనాష్ విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్య ఆచార్యుడైన పాల్ ఓబ్రయన్ 1994లో గాస్ట్రిక్ బ్యాండ్ వేయడం ప్రారంభించాడు. కడుపు పైభాగాన చుట్టిన సిలికాన్ పట్టీ అది. చర్మం కింద ఒక చిన్న పోర్టు ఉంటుంది. సూదితో దానిలోకి సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. దేనినీ కోసి తీసేయనవసరం లేదు, కావాలంటే పట్టీని వెనక్కి తీసేయవచ్చు. యువతీయువకులకు ఇది తగినదనే వాదనకు ప్రాణం ఈ చివరి మాటలోనే ఉంది.

ఆ అమ్మాయి పట్టుకెళ్ళిన పుస్తకం ఓబ్రయన్ రాసిన ‘ది ల్యాప్‌బ్యాండ్ సొల్యూషన్’. దాని ఉపశీర్షికలో ‘భాగస్వామ్యం’ అనే మాట ఉంది. ఆపరేషన్ ఒక్కరోజు పని అనీ, ఆ తరువాత ఏళ్ళ తరబడి రోగి తినే తీరు, వైద్యుడు పట్టీని సరిచేసే తీరు కలిస్తేనే ఫలితమనీ ఆయన నమ్మకం. పుస్తకం నిజాయితీగానే ఉంది, ఉత్సాహం పాలు కాస్త ఎక్కువ. ఆయన పరిశోధన కేంద్రానికి బ్యాండ్ తయారీదారు నుంచి గ్రాంటు అందేదన్న విషయం ఆయన శాస్త్రవ్యాసాలలోనే ప్రకటితమై ఉంది. పాఠకుడు దానిని మనసులో ఉంచుకొని చదవాలి.

పుస్తకం కంటే బలమైనవి ఆ బృందం చేసిన ప్రయోగాలు. పథ్యం, ఆపరేషన్‌లలో ఏది మేలని అందరూ వాదిస్తున్న రోజులలో వాళ్ళు చీటీలు వేసినట్టుగా రోగులను రెండు వర్గాలుగా విభజించి తేల్చాలనుకున్నారు. మొదటి ప్రయోగంలో ఓ మోస్తరు స్థూలకాయం ఉన్న 80 మంది పెద్దవారు. 2006లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్ళకు బ్యాండ్ వర్గం బరువులో 21.6 శాతం తగ్గితే, గట్టి వైద్య పర్యవేక్షణలో పథ్యం చేసినవారు 5.5 శాతం తగ్గారు. తరువాతి ప్రయోగం మన ప్రశ్నకు మరీ దగ్గర. 14 నుంచి 18 ఏళ్ళ మధ్య వయసున్న యాభైమంది. సగం మందికి బ్యాండ్, సగం మందికి వ్యక్తిగతంగా రూపొందించిన పథ్యం, రోజుకు పదివేల అడుగుల నడక, ఆహారపు డైరీ, కొన్ని వారాలపాటు వ్యాయామ శిక్షకుడు. 2010లో వెలువడిన ఫలితం ఇది. రెండేళ్ళకు బ్యాండ్ వర్గం సగటున 34.6 కిలోలు తగ్గింది, పథ్యం వర్గం 3 కిలోలు. మొదట బ్యాండ్ వర్గంలో తొమ్మిదిమందికి ఉన్న మెటబాలిక్ సిండ్రోమ్ చివరికి ఒక్కరికీ లేదు.

ఆ వ్యాసాన్ని ఇక్కడితో ఆపి చదివినవారే ఎక్కువ. తరువాతి వాక్యాలు కూడా చదవాలి. బ్యాండ్ వేసిన ఇరవై అయిదుగురిలో ఏడుగురికి రెండేళ్ళలోపే మళ్ళీ ఆపరేషన్ గది తలుపు తట్టవలసి వచ్చింది, మొత్తం ఎనిమిదిసార్లు. పట్టీకి పైనున్న కడుపు భాగం సాగడం, గొట్టం దెబ్బతినడం దానికి కారణాలు. అటు పథ్యం వర్గంలో ఏడుగురు మధ్యలోనే మానేశారు.

మూడు కిలోలే తగ్గడానికి ఆ పిల్లల బద్ధకం కారణమా? దీనికి జవాబు అదే నగరంలో మరుసటి ఏడాది దొరికింది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ప్రియా సుమిత్రన్, జోసెఫ్ ప్రొయెట్టో, వారి సహచరులు యాభైమందిని పది వారాలు అతి తక్కువ కేలరీల పథ్యంలో ఉంచారు. సగటున 13.5 కిలోలు తగ్గారు. ఏడాది తరువాత రక్తం పరీక్షిస్తే, ఆకలి పుట్టించే గ్రెలిన్ పథ్యానికి ముందున్న స్థాయి కంటే ఎక్కువగానే ఉంది, తృప్తి కలిగించే లెప్టిన్ వంటి హార్మోన్లు తక్కువగానే ఉన్నాయి. మనిషి పథ్యం మరిచినా శరీరం మరవలేదు. మిన్నెసోటా యువకులు డైరీలలో రాసుకున్న ఆకలికి అరవై ఆరేళ్ళ తరువాత రక్తపరీక్షలో అంకెలు దొరికాయి. 2014లో ఈ బృందమే, వేగంగా తగ్గినా మెల్లగా తగ్గినా మూడేళ్ళలోపు తగ్గిన బరువులో సుమారు 71 శాతం తిరిగి వస్తుందని చూపింది. మెల్లగా తగ్గితే నిలుస్తుందన్న మన వైద్యుల పాత నమ్మకం కూడా దానితో పోయింది.

ఇంతవరకు చదివినవారికి తీర్పు శస్త్రచికిత్స వైపే అనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. అయితే చరిత్రకు ఒక చేదు చమత్కారం ఉంది. ప్రయోగంలో గెలిచిన ఆ బ్యాండ్ ఇప్పుడేమైంది? 2010 దాకా ఆస్ట్రేలియాలో అత్యధికంగా చేసిన ఆపరేషన్ అదే. ఆ తరువాత కొద్ది ఏళ్ళలోనే స్లీవ్ దాని స్థానాన్ని ఆక్రమించింది. ఈరోజు కొత్తగా బ్యాండ్ వేసేవారు అరుదు, పాతవి తీసేసేవారే ఎక్కువ. 2013లో ఓబ్రయన్ స్వయంగా తన పదిహేనేళ్ళ అనుభవాన్ని ప్రకటించాడు. అదనపు బరువులో 47 శాతం తగ్గుదల నిలిచింది, ఆపరేషన్ వల్ల ఎవరూ చనిపోలేదు. అది గొప్ప విషయమే. కాని కడుపు పైభాగం సాగినందుకు 26 శాతం మందికి మరో ఆపరేషన్ అవసరమైంది, పోర్టు, గొట్టాల మరమ్మతులు వేరు. వెనక్కి తీసేయగల సాధనం గనుక పిల్లలకు మేలన్న వాదన పోయి, దాని స్థానంలో కడుపులో ముప్పావు వంతుకు పైగా కోసి శాశ్వతంగా తీసేసే స్లీవ్ వచ్చింది.

అంటే ఆ పుస్తకం చదివి 2007లో నిర్ణయం తీసుకున్న పద్దెనిమిదేళ్ళ యువతి, ముప్ఫై నిండేసరికి చాలామంది సర్జన్లు వదిలేసిన సాధనాన్ని ఒంట్లో మోస్తూ ఉండవచ్చు. ఆమె ఎంపిక తప్పని నేననను. ఆ పదేళ్ళలో ఆమె మధుమేహాన్ని తప్పించుకొని ఉండవచ్చు, ధైర్యంగా కాలేజీకి వెళ్ళి ఉండవచ్చు. నేననేది ప్రయోగాలు రెండేళ్ళు కొలిచాయని, ఆమె ముందున్నది అరవై ఏళ్ళని. స్వీడన్‌లో 1987లో మొదలైన సుప్రసిద్ధ అధ్యయనం శస్త్రచికిత్స వల్ల మరణాలు తగ్గాయని 2007లో నిరూపించింది. కాని అందులో చేరినవారు 37 నుంచి 60 ఏళ్ళ వయసువారు. ఇరవైలలో ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఎనభైలలో ఎలా ఉంటుందో చెప్పగల పుస్తకం ఇంకా రాయబడలేదు. రాయడానికి కావలసిన కాలం ఇంకా గడవలేదు.

మధ్యవయస్కునికి అంతగా పట్టని ప్రశ్నలు యువతకు ముఖ్యమైనవి. విటమిన్ బి12, ఇనుము, కాల్షియం జీవితాంతం చూసుకోవాలి. బరువు తగ్గగానే సంతానయోగ్యత పెరుగుతుంది, కాని గర్భం ధరించడానికి కనీసం ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమంటారు. స్లీవ్ తరువాత గుండెల్లో మంట కొందరిని వదలదు. మద్యం తొందరగా తలకెక్కుతుంది. ఇవన్నీ ఇరవై రెండేళ్ళ వయసులో చిన్నవిగా కనిపిస్తాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఈ దేశంలో వైద్యం అందరికీ ఒకటేనని మనం గర్వంగా చెప్పుకుంటాం. 2014–15లో జరిగిన సుమారు 22,700 బరువు తగ్గింపు శస్త్రచికిత్సలలో 88 శాతం ప్రైవేటు ఆసుపత్రులలోనే. చేయించుకున్నవారిలో 79 శాతం స్త్రీలు. స్థూలకాయం పేదవాడలలో ఎక్కువ, ఆపరేషన్ బీమా ఉన్నచోట ఎక్కువ. డెర్బీ మూలవాసులకు అడవి ఏడు వారాలు దొరికింది, ఈ గది తలుపు మాత్రం సులభంగా తెరుచుకోదు.

మన తెలుగువాళ్ళకు ఇందులో ప్రత్యేకమైన పేచీ ఒకటుంది. దక్షిణాసియావారికి తక్కువ బరువులోనే మధుమేహం వస్తుంది గనుక 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు ఆసియా జాతులకు ఆపరేషన్ హద్దును 27.5కి దించాయి. అంటే తూకంలో పెద్దగా కనిపించనివారికి కూడా ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఇక ఇంట్లో సంగతి. చిన్నప్పుడు ‘బొద్దుగా ముద్దుగా ఉంది’ అన్న నోళ్ళే పెళ్ళీడు రాగానే ‘కాస్త అన్నం తగ్గించవే’ అంటాయి. ఆపరేషన్ చేయించుకుంటే బంధువులకు తెలియకూడదంటాయి. చరకుడు గుర్తించిన నింద ఇంకా మన హాల్లోనే కూర్చుని ఉంది. నిందకు భయపడి చేసిన పథ్యమైనా, నిందకు భయపడి చేయించుకున్న ఆపరేషన్ అయినా ఎక్కువ కాలం మేలు చేయగా నేను చూడలేదు.

కొత్తగా వచ్చిన సెమగ్లుటైడ్ ఇంజెక్షన్లు ఈ వాదాన్ని మరో మలుపు తిప్పాయి. పెద్ద ప్రయోగంలో పదహారు నెలలకు సుమారు 15 శాతం బరువు తగ్గింది. మానేసిన ఏడాదిలో తగ్గినదానిలో మూడింట రెండొంతులు తిరిగి వచ్చింది. మళ్ళీ అదే పాఠం. ఏ దారైనా జీవితాంతం నడవవలసినదే.

నెల తరువాత ఆ అమ్మాయి పుస్తకం తిరిగి ఇచ్చింది. “అంకుల్, ఇందులో ఇరవై ఏళ్ళ తరువాత ఏమవుతుందో లేదేం?” అంది. మంచి పాఠకురాలనుకున్నాను. సర్జన్‌ను కలిసినప్పుడు అదే అడగమన్నాను. పదేళ్ళ తరువాత నా రక్తపరీక్షలు ఎవరు చూస్తారు, మళ్ళీ ఆపరేషన్ కావలసివస్తే ఖర్చు ఎవరిది, పిల్లల్ని కనాలనుకున్నప్పుడు ఎవరిని కలవాలి, ఒకవేళ వద్దనుకుంటే పథ్యంతోపాటు ఇంకేం చేయవచ్చు. వీటికి తీరిగ్గా జవాబు చెప్పేవారి దగ్గరే ఏ నిర్ణయమైనా తీసుకోమన్నాను. ఇంతవరకు పథ్యం ఓడిపోయిందంటే అది ఆమె ఓటమి కాదని కూడా చెప్పాను. ఆ మాట తనకు ఇదివరకు ఎవరూ చెప్పలేదంది.

ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ఈసారి మిన్నెసోటా మొదటి సంపుటం పట్టుకెళ్ళింది.